స్లాబ్ వేసే రోజు బరువు ఎవరి మీద?

హైదరాబాదులో బోరబండ సైట్-1 నుంచి సైట్-3 దాకా గల్లీల్లో ఏ నెలలో తిరిగినా ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. అరవై గజాలు, ఎనభై గజాలు, మహా అయితే నూట యాభై గజాల స్థలం. సగం రోడ్డు ఇసుక కుప్పకే పోతుంది. పక్కింటి గోడకు సెంట్రింగ్ కర్రలు ఆనించి ఉంటాయి. స్లాబ్ వేసే రోజు ఆ గల్లీకి వేరే కళ వస్తుంది. తెల్లారేసరికి కాంక్రీటు కలిపే మిల్లర్ దిగుతుంది, ఇంటివాళ్లు కొబ్బరికాయ కొడతారు, కూలీల అడ్డా నుంచి వచ్చిన కూలీలు వరసలో నిలబడతారు. చీకటి పడేలోపు కాంక్రీటు పని ముగించి అందరూ కలిసి భోంచేస్తారు.

అలా వేసిన స్లాబ్ యాభై ఏళ్లు నిలుస్తుంది. దాని మీద మరో రెండు అంతస్తులు లేచినా, నీళ్ల ట్యాంకు ఎక్కినా, పెళ్లికొచ్చిన చుట్టాలందరూ ఒకేసారి నిలబడినా కదలదు. అంత గట్టి స్లాబ్, కూలడమంటూ జరిగితే, చాలాసార్లు వేస్తుండగానే ఎందుకు కూలుతుంది?

బోరబండకు కొద్ది దూరంలోనే ఈ ప్రశ్నకు ఒక చేదు ఉదాహరణ ఉంది. 2016 జులై 24, ఆదివారం. జూబ్లీహిల్స్‌లో ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్ ఆవరణలో నిర్మాణంలో ఉన్న పోర్టికో కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2007 సెప్టెంబరు 9న పంజాగుట్ట ఫ్లైఓవర్‌లో కొంత భాగం కూలినప్పుడూ అది కడుతున్న వంతెనే. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "వాళ్ల ఖర్మ". రెండోది, "జాగ్రత్తగా ఉండాల్సింది". బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతుందో, మనిషి ఎంత సేపట్లో కింద పడతాడో లెక్క వేసి చూస్తే ఈ రెండు మాటలకూ చోటుండదు.

తడి కాంక్రీటు దేన్నీ మోయదు

గట్టిపడిన స్లాబ్ తన బరువును తానే మోసుకుంటుంది. కాంక్రీటు నొక్కుడును తట్టుకుంటుంది, లోపలి ఇనుము లాగుడును తట్టుకుంటుంది, రెండూ కలిసి బరువును దూలాలకు, దూలాలు పిల్లర్లకు చేరుస్తాయి. కానీ మిల్లర్ నుంచి అప్పుడే వచ్చిన కాంక్రీటుకు ఆ గుణమేదీ లేదు. అది చిక్కటి ముద్ద మాత్రమే. బరువు పూర్తిగా ఉంటుంది, బలం సున్నా.

ఆ బరువెంత? ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2,500 కిలోలు. వంద గజాల ఇంటికి ఐదు అంగుళాల మందాన స్లాబ్ వేస్తే పదిన్నర ఘనమీటర్లు పడుతుంది, అంటే సుమారు 26 టన్నులు. దూలాల్లో పోసేది, ఇనుము, సెంట్రింగ్ షీట్లు, పైన తిరిగే ఇరవై మంది మనుషులు అదనం. ఈ మొత్తం ఉదయం పూట సున్నా, సాయంత్రానికి 30 టన్నులు దాటుతుంది. ఇంటి జీవితకాలంలో ఇంత బరువు ఇంత తక్కువ గంటల్లో పడేది స్లాబ్ వేసే రోజునే. ఆ రోజు దాన్ని మోసేవి పిల్లర్లు కావు. కింద నిలబెట్టిన కర్రలు, జాకీలు.

మీటరుకు ఒకటి చొప్పున కర్రలు పెడితే ఒక్కోదాని మీద దాదాపు అర టన్ను పడుతుంది. మంచి సరుగుడు కర్రకు ఇది పెద్ద బరువేమీ కాదు, కర్ర నిటారుగా, పొట్టిగా ఉన్నంతసేపు. చిక్కంతా ఆ చివరి షరతులోనే ఉంది.

చీపురు పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టుకుని నొక్కితే అది నలిగిపోదు, పక్కకు వంగుతుంది. సగానికి తుంచి మళ్లీ నొక్కితే వంచడానికి చాలా ఎక్కువ బలం పెట్టాలి. పుల్ల అదే, మందం అదే, మారింది పొడవు మాత్రమే. పద్దెనిమిదో శతాబ్దంలో స్విస్ గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ దీన్ని లెక్కకు తెచ్చాడు. సన్నటి కర్ర పొడవు రెట్టింపైతే అది వంగకుండా మోయగల బరువు సగమవదు, నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవు మూడింతలైతే తొమ్మిదో వంతు.

పోర్టికోలు, ఫంక్షన్ హాళ్లు, రెండంతస్తుల ఎత్తున్న హాలు ఉన్న ఇళ్లు ప్రమాదకరం అవడానికి కారణం ఇదే. పది అడుగుల గదికి సరిపోయే కర్రనే ఇరవై అడుగులకు వాడితే అది నాలుగో వంతు బరువే మోస్తుంది. పైగా ఇరవై అడుగుల తిన్నని కర్ర దొరకదు, రెండు కర్రలను మేకులతోనో బైండింగ్ వైరుతోనో అతికిస్తారు. ఆ అతుకు దాదాపు మధ్యలో పడుతుంది. కర్ర ఎక్కువగా వంగేది కూడా అక్కడే.

దీనికి మందు ఖరీదైనది కాదు. కర్రల మధ్య అడ్డంగా, ఐమూలగా కట్టే కర్రలే. ఇరవై అడుగుల కర్రను నడిమికి అడ్డకర్రతో కట్టేస్తే అది రెండు పది అడుగుల కర్రల్లా పనిచేస్తుంది, బలం నాలుగింతలవుతుంది. ఐమూల కర్ర మొత్తం చట్రం ఒక పక్కకు ఒరగకుండా ఆపుతుంది. హడావుడిలో ముందుగా వదిలేసేవి మాత్రం ఇవే. అడ్డంగా ఉన్న కర్ర మీద బరువు కనిపించదు కాబట్టి అది పని చేయడం లేదనిపిస్తుంది.

కర్ర కాళ్ల కింద

కర్ర గట్టిదైనా అది నిలబడిన నేల గట్టిదో కాదో చూడాలి. పునాది గుంతలు పూడ్చాక నింపిన మట్టి పైకి గట్టిగా కనిపిస్తుంది. నాలుగు అంగుళాల కర్ర అడుగు వైశాల్యం దాదాపు 80 చదరపు సెంటీమీటర్లు. దాని మీద అర టన్ను పడితే ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఆరు కిలోలకు పైగా పడుతుంది. కొత్తగా నింపిన మట్టి అంత ఒత్తిడిని మోయలేదు. అడుగు చదరపు పలక ఒకటి కర్ర కింద వేస్తే అదే బరువు పదకొండు రెట్లు ఎక్కువ చోటుకు పంచుకుంటుంది. క్యూరింగ్ నీళ్లో, ముందు రోజు వానో కర్రల కాళ్ల దగ్గర నిలిస్తే మట్టి మెత్తబడి లెక్క మళ్లీ తలకిందులవుతుంది.

ఒక కర్ర రెండంగుళాలు దిగబడితే ఏమవుతుంది? అది మోస్తున్న బరువు మాయమవదు, పక్క కర్రల మీదికి వెళ్తుంది. అవి అప్పటికే నిండుగా ఉంటే అందులో బలహీనమైనది వంగుతుంది. దాని బరువు ఆ పక్కదానికి. స్లాబ్ కూలుడు ఒక్క క్షణంలో అయిపోయినట్టు కనిపించినా లోపల ఈ వరస నడుస్తుంది. పై నుంచి కాంక్రీటును ఒకేచోట కుప్పగా పోయడం ఈ వరసను మొదలుపెట్టే పనుల్లో ముఖ్యమైనది. పంపు గొట్టం ఒకచోటే నిలిచి అర ఘనమీటరు పోసిందంటే అక్కడ టన్నుంబావు చేరుతుంది. అర టన్నుకు పెట్టిన కర్ర దాన్ని భరించాలి. పోసిన వెంటనే పారతో సర్దే కూలీ చేసేది స్లాబును చదును చేయడమే కాదు, కింది కర్రలకు బరువు పంచడం కూడా.

అందుకే కాంక్రీటు పోస్తున్నప్పుడు స్లాబ్ కింద ఎవరూ ఉండకూడదు. కర్రలు చూసేందుకు ఒక అనుభవజ్ఞుడు పక్క నుంచి గమనిస్తూ ఉండాలి. వంకర కనిపించగానే పై పని ఆపించే అధికారం అతనికి ఉండాలి. చిన్న ఇళ్ల దగ్గర దీనికి ఉల్టా జరుగుతుంది. కారుతున్న సిమెంటు పాలు ఆపడానికి, జారిన కర్రను సుత్తితో కొట్టి సరిచేయడానికి మనిషిని సరిగ్గా ఆ సమయంలోనే కిందికి పంపుతారు.

పెట్టెలో మాట: కర్రలు ఎప్పుడు తీయాలి?

సిమెంటు కొన్ని గంటల్లో గడ్డకడుతుంది గానీ బలం రావడానికి రోజులు పడుతుంది. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటుకు వారానికి, 28 రోజుల బలంలో మూడింట రెండు వంతుల దాకా వస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ కింద కర్రలు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. ఆరు మీటర్ల లోపు దూలానికి 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు. ఇవి మామూలు సిమెంటు లెక్కలు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుకు మొదట్లో బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఇంకొన్ని రోజులు ఆగాలి. సెంట్రింగ్ సామాను రోజువారీ అద్దె మీద వస్తుంది. తొందరంతా అక్కడి నుంచే.

తీసే వరస కూడా ముఖ్యం. నాలుగు వైపులా దూలాలున్న గదికి నడిమి నుంచి అంచులకు రావాలి. రోడ్డు మీదికి చాచిన బాల్కనీకి కొస నుంచి గోడ వైపుకు రావాలి.

బాల్కనీలో ఇనుము పైన ఎందుకు?

ఇరుకు స్థలాల్లో బాల్కనీ అంటే అందరికీ మోజే. గజం స్థలం కూడా పెరగకుండా గది పెరుగుతుంది. అయితే గది స్లాబుకూ బాల్కనీకీ లోపలి లెక్క తలకిందులు. గది స్లాబ్ నడిమి కిందికి వంగుతుంది కాబట్టి కింది వైపు సాగుతుంది, ఇనుము కింద ఉండాలి. బాల్కనీ కొస కిందికి వంగుతుంది కాబట్టి పై వైపు సాగుతుంది, ఇనుము పైన ఉండాలి.

రాడ్ బెండింగ్ వాళ్లు దాన్ని సరిగ్గానే పైన కడతారు. కాంక్రీటు రోజు ఇరవై మంది దాని మీద నడుస్తారు. కింద కుర్చీల్లాంటి ఇనుప ఆధారాలు లేకపోతే పై ఇనుము అణిగి మధ్యకు దిగుతుంది. ఐదు అంగుళాల మందంలో అది రెండంగుళాలు దిగిందంటే బాల్కనీ బలం దాదాపు సగమైపోతుంది. పైకి ఏ తేడా కనపడదు. సెంట్రింగ్ విప్పిన రోజున, దాని కింద నిలబడి కర్ర లాగుతున్న మనిషికి మొదట తెలుస్తుంది.

సెకను లోపు

నిర్మాణంలో ఎక్కువ ప్రాణాలు తీసేది కూలుడు కాదు, పడిపోవడం. అమెరికాలో నిర్మాణ రంగం మరణాల్లో మూడో వంతుకు పైగా ఎత్తు నుంచి పడినవే. లెక్కలు పక్కాగా ఉంచే దేశంలోనే ఈ తీరు.

పది అడుగుల నుంచి పడే మనిషి 0.8 సెకన్లలో నేలను తాకుతాడు, గంటకు 28 కిలోమీటర్ల వేగంతో. ముప్పై అడుగుల నుంచైతే 1.4 సెకన్ల లోపే, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో. కాలు జారిందని మెదడు గుర్తించి చెయ్యి కదిలించేలోపే పది అడుగుల్లో దాదాపు సగం దూరం అయిపోతుంది. పడుతున్న మనిషి ఎంత మెలకువగా ఉన్నా చేయగలిగింది చాలా తక్కువ. కనుక "జాగ్రత్త" అన్న సలహా పడకముందు పనికొస్తుందేమో గానీ పడ్డాక కాదు. పడకముందు కూడా, ఏప్రిల్ ఎండలో ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుని ఏడో గంట పని చేస్తున్న మనిషి అడుగు అడుగునా జాగ్రత్తగా ఉండగలడనుకోవడం అన్యాయం.

సేఫ్టీ బెల్టు ఉంటే చాలనుకుంటారు చాలామంది. బెల్టు మంచిదే, ఒంటికంతటికీ పట్టే హార్నెస్ అయితే. నడుముకు కట్టే పాత రకం బెల్టు పడ్డ దెబ్బనంతా పొట్ట మీద వేస్తుంది. అయితే హార్నెస్‌కూ ఒక హద్దుంది. దాని తాడు రెండు మీటర్లకు కాస్త తక్కువ. తాడులోని దెబ్బ తగ్గించే పట్టీ విప్పుకుంటూ ఇంకో మీటరున్నర పైగా సాగగలదు. అలా సాగడం వల్లే ఒంటి మీద పడే లాగుడు తగ్గుతుంది. దానికి మనిషి ఎత్తు, కొంచెం ఖాళీ కలిపితే మొత్తం ఆరు మీటర్లు, అంటే ఇరవై అడుగులు కావాలి. కాళ్ల దగ్గర తాడు కట్టుకుని పదకొండు అడుగుల మొదటి స్లాబ్ మీద పనిచేసే మనిషిని ఈ తాడు ఆపేలోపే నేల ఆపుతుంది. తలకు పైన కట్టడానికి ఆ ఎత్తులో ఏ ఆధారమూ ఉండదు. బోరబండ లాంటి చోట జరిగే పని చాలావరకు ఈ మొదటి, రెండో అంతస్తుల ఎత్తులోనే.

అక్కడ పనికొచ్చేది అంచు వెంట నడుము ఎత్తున కట్టిన అడ్డకర్ర, దాని కింద మోకాలి ఎత్తున మరొకటి. మెట్ల ఖాళీకి, లిఫ్ట్ గుంతకు, డక్టుకు గట్టిగా బిగించిన మూత. లిఫ్ట్ గుంత మీద ఊరికే పరిచిన ప్లైవుడ్ ముక్క ఖాళీ గుంత కంటే ప్రమాదం. ఖాళీని మనిషి చూసి తప్పుకుంటాడు, మూతను నమ్మి అడుగేస్తాడు.

పరంజా విషయంలోనూ అంతే. హైదరాబాదు మేస్త్రీలు గోవా అనే ఆ కర్రల చట్రం గోడకు పట్టు లేకుండా నిలబడితే గాలికీ, పక్కకు లాగిన తాడుకూ ఒరుగుతుంది. నడిచే చోట ఒకే పలక ఉంటే వెనక్కి ఒక అడుగు వేయడానికి చోటుండదు. ప్లాస్టరింగ్ చేసే మనిషి చేసిన పని చూసుకోవడానికి వెనక్కి అడుగేస్తాడు. అది అలవాటు, నిర్లక్ష్యం కాదు. రెండు మూడు పలకలు, వెనక ఒక అడ్డకర్ర ఆ అలవాటును ముందే లెక్కలోకి తీసుకుంటాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1933-37 మధ్య గోల్డెన్ గేట్ వంతెన కట్టినప్పుడు చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ వంతెన కింద పొడవునా వల కట్టించాడు. పడి ఆ వలలో చిక్కి 19 మంది బతికారు. అయితే 1937 ఫిబ్రవరి 17న టన్నుల బరువున్న ఒక పరంజా విరిగి మనుషులతో సహా వల మీద పడింది. వల చిరిగి 10 మంది చనిపోయారు. మనిషి బరువుకు కట్టిన వల పరంజా బరువుకు ఆగలేదు. వల ఉన్నా పరంజా పట్టు చూడక తప్పదని ఆ రోజు తేలింది.

పెట్టెలో మాట: హెల్మెట్ ఎంత ఆపుతుంది?

హెల్మెట్లకు యూరప్‌లో పెట్టే పరీక్షలో ఐదు కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి వదులుతారు. మూడు కిలోల ఇటుక తలకు మీటరున్నర పైనుంచి పడితే దెబ్బ దాదాపు అంతే. అదే ఇటుక తొమ్మిది మీటర్ల పైనుంచి, అంటే మూడో స్లాబ్ అంచు నుంచి పడితే దెబ్బ ఐదింతలకు పైగా ఉంటుంది. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, మేకులకూ రాడ్ల కొసలకూ చిన్న రాళ్లకూ అది తలను కాపాడుతుంది. ఇటుకను ఆపాల్సింది మాత్రం పైన, అంచు వెంట నిలబెట్టిన ఆరు అంగుళాల పలక.

మొరం నమ్మకం

జూబ్లీహిల్స్, బోరబండ కింద ఉన్నది గ్రానైటు బండ. దాని మీద బండే పొడిపొడిగా విడిపోయి తయారైన మొరం పొర. ఎండినట్టు కనిపించే మొరాన్ని గడ్డపారతో నిలువుగా కోస్తే గోడలా నిలుస్తుంది. చూసినవాళ్లకు రాయేననిపిస్తుంది. ఆ రేణువుల మధ్య కొద్దిపాటి తేమ ఉంటుంది, అది వాటిని ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది. నిలబెట్టేది చాలావరకు ఆ పట్టే. వాన నీరు ఆ ఖాళీలను నింపేసిందంటే పట్టు పోతుంది, బరువు పెరుగుతుంది. పూర్తిగా ఎండినా పట్టు సడలుతుంది. 2025 ఫిబ్రవరి 5న ఎల్బీనగర్‌లో సెల్లార్ తవ్వుతుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. అది వానాకాలం కాదు.

ఘనమీటరు మట్టి టన్నున్నరకు పైనే ఉంటుంది. ఛాతీ దాకా పూడిన మనిషి తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. గాలి వదిలినప్పుడు ఛాతీ తగ్గిన చోటును మట్టి ఆక్రమిస్తుంది, మళ్లీ పీల్చేందుకు ఛాతీ పెరగలేదు. అందుకే మీటరున్నర కంటే లోతైన కందకానికి పక్కలకు ఆధారం కట్టాలని మన ప్రమాణం చెబుతుంది. తవ్విన మట్టిని అంచుకు మీటరున్నర దూరంలో, కందకం లోతులో సగం అంతకన్నా ఎక్కువైతే ఆ దూరంలో పోయాలని కూడా అందులో ఉంది. ఇరుకు స్థలంలో ఆ మట్టి అంచు మీదే కుప్పపడుతుంది. విరగబోయే గోడ నెత్తిన అదనపు బరువది.

మట్టిని ఆపడానికి కట్టే గోడకు అసలు పరీక్ష నీరు. పది అడుగుల గోడ వెనక నిండా నీరు నిలిస్తే, గోడ ప్రతి మీటరు పొడవు మీద నాలుగున్నర టన్నుల తోపు పడుతుంది. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలు. గోడలో అక్కడక్కడా వదిలే చిన్న రంధ్రాలు ఈ తోపును పుట్టకముందే తగ్గిస్తాయి. 2024 మే 7న బాచుపల్లిలో భారీ వానకు, నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంట్ల దగ్గర రిటైనింగ్ గోడ కూలి పక్కనున్న కూలీల షెడ్ల మీద పడింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఒకరు నాలుగేళ్ల పిల్లవాడు.

ఆ షెడ్లు గోడ పక్కన ఉండటమే అసలు విషయం. 2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. విజయనగరం నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు ఆ భవనంలోనే కాపురం ఉన్నాయి. పని వేళల్లో మేస్త్రీకి ఎదురయ్యే ప్రమాదం వాళ్లకు నిద్రలో కూడా ఉంది, పిల్లలకు కూడా ఉంది. హెల్మెట్, బెల్టు, శిక్షణ ఏవీ ఇక్కడ పనికిరావు. పని జరిగే చోటుకు, గోడ కూలితే పడే దూరానికి అవతల గుడిసె వేయించడం ఒక్కటే దారి.

పన్నెండు మీటర్ల రాడ్డు, 1.2 మీటర్ల దూరం

ఇనుప రాడ్డు పొడవు మామూలుగా 12 మీటర్లు. పదకొండు వేల వోల్టుల తీగకు, ఇంటి గోడకు మధ్య అడ్డంగా ఉండాల్సిన కనీస దూరం 1.2 మీటర్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే బాల్కనీలు రోడ్డు మీదికి చాచుకున్న గల్లీల్లో రాడ్లు పైకి చేర్చే పని ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. కింద ఒకరు నిలబెట్టి, పైన ఇద్దరు లాగుతూ ఉంటే రాడ్డు కొస ఊగుతుంది. ఆ వోల్టేజీకి తీగను గట్టిగా తాకాల్సిన పని కూడా లేదు, మరీ దగ్గరకు వస్తే గాలిలోనే దూకుతుంది. రాడ్లను కిందే కోసి, వంచి, తీగ లేని వైపు నుంచి ఎక్కించాలి. అలా వీలుకాకపోతే విద్యుత్ సిబ్బందిని అడిగి ఆ గంటసేపు సరఫరా ఆపించుకోవాలి.

ఇంటి కరెంటు దెబ్బలకు కారణం ఇంకొకటి. నీళ్ల మోటారు, వైబ్రేటర్, కటింగ్ మిషన్ అన్నీ అతుకుల వైర్ల మీద, తడి నేల మీద నడుస్తాయి. బోర్డులో 16 ఆంపియర్ల ఎంసీబీ ఉందిగా అంటారు. అది వైరు మాడకుండా చూస్తుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఛాతీ గుండా ఆంపియరులో పదో వంతు పోయినా చాలు, ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు మొత్తం తిరిగి రాలేదని, కొంత ఇంకెటో పోతోందని గుర్తించి రెప్పపాటులో ఆపేస్తుంది. మొత్తం ఇంటి ఖర్చులో దాని ధర లెక్కలోకి రానంత చిన్నది.

ఎవరి లెక్కలో ఉన్నారు?

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. పది మంది అంతకు మించి పనిచేసే చోట్లకే అది వర్తించేది. దాని స్థానంలోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నిర్మాణంలో 250 మంది అంతకు మించి ఉన్నచోట సేఫ్టీ ఆఫీసరు ఉండాలి. గచ్చిబౌలి, కోకాపేట టవర్లకు ఇది వర్తిస్తుంది. అక్కడ గేటు దగ్గరే హెల్మెట్లు ఇస్తారు, పొద్దున్నే నిలబెట్టి ఆ రోజు ప్రమాదాలు చెబుతారు. బోరబండ, రహమత్‌నగర్, మోతీనగర్ గల్లీల్లో మామూలు రోజున ఐదుగురో ఆరుగురో ఉంటారు. స్లాబ్ రోజున ఇరవై మంది, వాళ్లలో చాలామంది ఆ పొద్దున అడ్డాలో కలిసినవాళ్లే. ఒకరికొకరు తెలియదు, ఆ సెంట్రింగ్ ఎవరు కట్టారో తెలియదు. మేస్త్రీని తప్ప అడిగే దిక్కు ఉండదు.

అనుమతుల సంగతి కూడా ఇలాంటిదే. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ విధానంలో 75 గజాల లోపు స్థలానికి అనుమతే అవసరం ఉండేది కాదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోయేది. 600 గజాల లోపు, పది మీటర్ల లోపు ఎత్తుకు యజమాని సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వచ్చేది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన మంచి మార్పు అది. కానీ ఆ కాగితం అడిగేది కట్టబోయే ఇంటి కొలతల గురించి. మొత్తం పనిలో అతి ప్రమాదకరమైన రోజున కింద నిలిచే కర్రల గురించి అందులో ఒక్క ప్రశ్న ఉండేది కాదు.

నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేరాలంటే 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండాలి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. కట్టే ఖర్చులో ఒక శాతం సెస్సు నుంచి ఆ బోర్డుకు డబ్బు వస్తుంది. అడ్డా కూలీ ఏడాదికి 200 రోజులు పని చేసినా అది పదుల మంది యజమానుల దగ్గర, రోజుకొక గల్లీలో. ఆ 90 రోజులకు సంతకం పెట్టేవాళ్లు దొరకడమే కష్టం. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లు వేసే వడ్రంగులు, మౌల్డర్లు కూడా ఈ చుట్టుపక్కల బస్తీల్లోనే ఉంటారు. వాళ్లు కట్టేది నెల తర్వాత విప్పేసే కోట అయినా ఎక్కేది అదే పరంజా, పడితే తాకేది అదే వేగంతో. వాళ్లకు క్రాఫ్టు యూనియన్ ఉంది, సభ్యత్వ కార్డు ఉంది. దెబ్బ తగిలితే అడగడానికి ఒక ఆఫీసు ఉంది. ఇల్లు కట్టే కూలీకి ఆ మాత్రం ఆసరా రావాలంటే, రోజు కూలీ ఇచ్చేటప్పుడే ఫోన్లో పని దినం నమోదు చేసే ఏర్పాటు కావాలి. డబ్బు పంపేది ఫోన్లోనే కాబట్టి సాంకేతికంగా అది కష్టం కాదు.

స్లాబ్ విషయంలోనూ అంత తేలికైన మార్గం ఉంది. నమోదు చేసిన ప్రతి నిర్మాణం స్లాబ్ తేదీని రెండు రోజుల ముందు చెప్పాలి. లైసెన్సు ఉన్న ఇంజినీరు ఒకరు ముందు రోజు సాయంత్రం వచ్చి నాలుగు విషయాలు చూడాలి. కర్రల కింద పలకలు ఉన్నాయా? అడ్డకర్రలు, ఐమూల కర్రలు కట్టారా? బాల్కనీ ఇనుము కింద కుర్చీలు పెట్టారా? అంచుల వెంట అడ్డు ఉందా? ఫొటోలు తీసి సంతకం పెట్టాలి. చూడటానికి అరగంట పడుతుంది. ఏదైనా లోపం కనిపిస్తే సరిచేయడానికి ఆ రాత్రి ఉంటుంది. మిల్లర్ వచ్చేది మర్నాటి పొద్దున.